డబుల్ క్లిక్ చేసి చూడమనకండి

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యా పేజీలో వెబ్ పేజీల తయారీ మీద వస్తున్న పాఠాలను మా పిల్లల చేత చదివిస్తున్నాను. ఒక్క మాట దగ్గర మాత్రం నాకు అభ్యంతరం ఉంది. పేజీ రాయడం అయ్యాక ఫైలు మీద డబుల్ క్లిక్ చేసి బ్రౌజర్‌లో చూసుకోమన్నారు. నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను. ఇప్పుడు మానేశాను.

తొమ్మిదో తరగతి అమ్మాయి తన తెలుగు కవితలతో ఒక పేజీ చేసింది. ల్యాబ్‌లో డబుల్ క్లిక్ చేస్తే అక్షరాలు ముత్యాల్లా కనిపించాయి. స్కూలు సైట్‌లో పెట్టగానే తెలుగు మొత్తం పోయి, నెత్తిన గీతలున్న లాటిన్ అక్షరాలు, ఏవేవో గుర్తులు వచ్చాయి. పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. తీరా చూస్తే, పేజీ యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) ఉందని బ్రౌజర్‌కు చెప్పే మెటా ట్యాగ్ ఒక్కటే లేదు. యూటీఎఫ్-8లో మన అచ్చుకైనా హల్లుకైనా గుణింతం గుర్తుకైనా మూడేసి బైట్లు. ఆ సంగతి చెప్పకపోతే బ్రౌజర్ ఒక్కో బైటునూ ఒక్కో అక్షరమనుకుంటుంది. మన డిస్కులో ఉన్న ఫైలైతే క్రోమ్ తనే పోల్చుకుని సరిగ్గా చూపిస్తుంది, సర్వర్ (అడిగిన వాళ్లకు పేజీలు పంపే ప్రోగ్రాం) నుంచి వచ్చినదానికి అలా చేయదు. అందుకే ల్యాబ్‌లో తప్పు దాగిపోయింది.

అందుకే ఇప్పుడు మన కంప్యూటర్‌లోనే ఒక చిన్న సర్వర్ నడిపి, దాని ద్వారా పేజీ చూసుకోమంటున్నాను. పైథాన్ (ఒక ప్రోగ్రామింగ్ భాష) ఉన్న కంప్యూటర్‌లో దీనికి వేరే ఏమీ ఎక్కించక్కర్లేదు. టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీ) పేజీ ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్లి ‘python3 -m http.server’ అని కొట్టి, బ్రౌజర్‌లో localhost:8000 తెరిస్తే చాలు. ఆపడానికి కంట్రోల్-సి. జావాస్క్రిప్ట్ మాడ్యూళ్లు, జేసన్ (డేటా ఉండే) ఫైళ్లు డబుల్ క్లిక్ చేసిన పేజీలోకి రావు, ఇలా అయితే వస్తాయి.

నాకు మరీ ఇష్టమైనవి టెర్మినల్‌లో ఒకదాని కింద ఒకటి పడే ఆ వరుసలు. పేజీకి ఒక అభ్యర్థన, బొమ్మకు ఇంకొకటి, స్టైల్ ఫైలుకు మరొకటి. 200 (దొరికింది) పక్కన 404 (దొరకలేదు) కనిపిస్తే పిల్లలే వెళ్లి బొమ్మ పేరులో స్పెల్లింగ్ దిద్దుకుంటున్నారు. మళ్లీ లోడ్ చేస్తే 304 (ఫైలు మారలేదు) ఎందుకు వచ్చిందని అడుగుతున్నారు. వెబ్ అంటే అడగడం, ఇవ్వడం అని నేను బోర్డు మీద ఎన్నిసార్లు గీసినా ఇంతగా ఎక్కలేదు. (విండోస్‌లో ఫైలు పేర్ల పెద్దక్షరం, చిన్నక్షరం తేడా మాత్రం ఇలా చూసినా బయటపడదు. అది విడిగా చెప్పాలి.)

ఒక జాగ్రత్త. ఈ సర్వర్ మామూలుగా నడిపితే మన కంప్యూటర్‌కే పరిమితం కాదు, అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరికైనా జవాబిస్తుంది. ఇండెక్స్ పేజీ లేకపోతే ఫోల్డర్‌లోని ఫైళ్ల జాబితా మొత్తం చూపిస్తుంది. ఒకసారి మార్కుల షీట్లు ఉన్న ఫోల్డర్‌లోనే నడిపాను. పక్క బల్ల మీది కంప్యూటర్ నుంచి ఒక అబ్బాయి నా ఐపీ అడ్రసు కొట్టి, “మేడమ్, ఇవి కనిపిస్తున్నాయి” అని పిలిచి చూపించాడు. ఆ రోజు నుంచి పేజీలకు వేరే ఫోల్డర్, కమాండ్ చివర ‘--bind 127.0.0.1’ (బైండ్, అంటే మన కంప్యూటర్‌కే జవాబివ్వమని) తప్పనిసరి చేశాను. ఇది సాధన కోసమే, అసలు సైట్‌ను దీనితో నడపకూడదని పైథాన్ వాళ్ల పత్రాల్లోనే ఉంది.

వచ్చే పాఠంలో ఈ కమాండ్ వేస్తే ఆ బైండ్ ముక్క వదిలేయకుండా వేయండి. పిల్లలు పేపర్లో ఎలా ఉంటే అలాగే కొడతారు.

— ఒక కంప్యూటర్ ఉపాధ్యాయురాలు