నాలుగు రంగులు చాలు రా

ఒరేయ్ నాయనా,

నీ ఉత్తరం అంది వారమైంది. జవాబు రాయలేదని తిట్టుకునే ఉంటావు. రెండో తరగతి నీకప్పగించారనీ, గదంతా రంగులతో సర్దేస్తాననీ రాశావు. కాస్త ఆగు. నేనూ అలాగే దూకాను.

మొదటి ఏడాది తొమ్మిది రంగులు పెట్టాన్రా! సబ్జెక్టుకొకటి, బల్లకొకటి, చివరికి చీపురు వంతుకు కూడా ఒకటి. లెక్కలది ఊదానా, వంగపండు రంగా అని నేనే పిల్లల్ని అడిగే గతి పట్టింది. పైగా భాషకు ఎరుపు పెట్టి, అల్లరి మానమని చూపించే కార్డుకీ ఎరుపే పెట్టాను. కార్డు ఎత్తగానే సగం మంది బుద్ధిగా భాష నోట్‌బుక్కులు తీశారు!

ఇప్పుడు నాలుగే. లెక్కలు నీలం, భాష ఎరుపు, సైన్సు ఆకుపచ్చ, బొమ్మలు పసుపు. నోట్‌బుక్ మూలనున్న స్టిక్కరూ, బుట్టా, బోర్డు మీది టైంటేబుల్ కార్డూ అన్నీ అదే రంగు. "నీలం" అంటే చాలు, చేతులు సంచుల్లోకి వెళ్లిపోతాయి. ఒక్క మాట, చదువులో ముందూ వెనకా అని పిల్లల్ని మాత్రం రంగులుగా విడదీయకు. ఎవరు ఏ గుంపో రెండ్రోజుల్లో కనిపెట్టేస్తారు, వెనక గుంపు వాడి మొహం చూడలేం.

అసలు సంగతి వేరే ఉంది. చురుకైన కుర్రాడొకడు రోజూ సైన్సు పుస్తకం తెచ్చి భాష బుట్టలో పడేసేవాడు. శ్రద్ధ లేదని కసిరాను కూడా. ఒకరోజు చెట్టు బొమ్మ వేస్తూ క్రేయాన్‌ని అటూ ఇటూ తిప్పుతున్నాడు. చూస్తే, చుట్టూ ఉన్న కాగితం మీద రంగు పేరు చదువుకుంటున్నాడు! కాగితం చిరిగిపోయినదాన్ని పక్కవాడికి చూపించి, "ఇదేంటి?" అని గుసగుసగా అడిగాడు. నా ప్రాణం చివుక్కుమంది.

కంటి డాక్టరు చుక్కల పుస్తకం చూపించారట, 1917 నుంచీ ఉన్న ఇషిహారా పరీక్ష. ఎరుపు, ఆకుపచ్చ వాడికి విడిగా తెలియవు. ఈ రంగుల్ని విడిగా గుర్తించడానికి కావలసిన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్‌లో ఉంటాయి. మగపిల్లలకు అది ఒకటే కాబట్టి లోపముంటే కప్పిపుచ్చడానికి రెండోది లేదు. ఐరోపా సంతతిలో అయితే మగవాళ్లలో దాదాపు 12 మందికి ఒకరు, ఆడవాళ్లలో 200 మందికి ఒకరు ఇలాంటివాళ్లేనట. పరమాణు సిద్ధాంతం చెప్పిన డాల్టన్‌దీ ఇదే కథ. తన కంట్లో ద్రవం నీలంగా ఉందేమోనని 1794లో ఊహించాడు. 1844లో పోయాక కోసి చూస్తే నీలమూ లేదు, ఏమీ లేదు. దాచి ఉంచిన ఆ కంటి నుంచే 1995లో డీఎన్ఏ తీసి కారణం తేల్చారు. మహానుభావుడికే అంతుపట్టనిది ఏడేళ్లవాడు నాకెలా చెప్తాడు చెప్పు?

అప్పట్నుంచి ప్రతి రంగుకీ ఒక గుర్తు జోడించాను. నీలానికి గుండ్రం, ఎరుపుకి త్రిభుజం, ఆకుపచ్చకి ఆకు, పసుపుకి నక్షత్రం. కిటికీ పక్కన ఎరుపు కార్డు ఎండకి వెలిసి గులాబీ అయినా ఇప్పుడు బెంగ లేదు.

నిన్న వాడే వచ్చి, "సార్, త్రిభుజం బుట్టలో ఎవరో ఆకు పుస్తకం పెట్టేశారు" అని ఫిర్యాదు చేశాడు. పెట్టింది నేనే. చెప్పలేదులే.

గది సర్దాక ఫోటో పంపు. నలుపు తెలుపుల్లోకి మార్చి మరీ పంపు, ఏ బుట్ట దేనిదో నేను చెప్పగలనేమో చూద్దాం.

నీ
పాత బెంచీ నేస్తం