మన నాటక కళాకారుల సంఘం వార్షిక నివేదిక: ఆట లేని నెలల లెక్క

సభ్యులందరికీ నమస్కారం.

కార్తీకంలో కురుమూర్తి, మాఘంలో మన్యంకొండ, చెరువుగట్టు జాతరలు, యాసంగి కోతలయ్యాక ఊళ్లలో భాగోతాలు. మనకు పని దొరికేది ఈ రోజుల్లోనే. మృగశిర కార్తె వచ్చిందంటే ఊరంతా చేలల్లో ఉంటుంది. వినాయక చవితి పందిళ్లు పడేదాకా ఆట అడిగే నాథుడుండడు. నటులు నాటకం వదిలి పట్నంలో వాచ్‌మన్ పనికి పోయేది కూడా ఎక్కువగా అప్పుడే. అందుకే సంఘం ఈ ఏడాది పోటీల జోలికి పోకుండా పైసలు, సామాను, కాగితాలు అనే మూడింటి మీదే కూర్చుంది.

ముందు పైసల సంగతి. నాటక సమాజాలకు నమూనాగా ఇచ్చిన లెక్క ఇది. 30,000కు ఒప్పుకున్న ఆటలో వ్యాను, డీజిల్, డ్రైవరు బత్తా 4,500, మైకు, లైట్లు 6,000, తిండి 2,000, మేకప్, దుస్తుల ఉతుకు 1,500 అనుకుందాం. మిగిలేది 16,000. అందులో పదో వంతు, అంటే 1,600, సమాజం నిధికి తీసిపెట్టాలి. చిరిగిన తెర, విరిగిన కిరీటం, హార్మోనియం రీడ్లు బాగుచేయించేది దీంతోనే. మిగతా 14,400ను 12 వాటాలు చేయాలి. తొమ్మిది మంది నటులకు తలా ఒక వాటా, హార్మోనియం, తబలా వాళ్లకు ఒకటిన్నర చొప్పున. నటుడికి 1,200, వాద్యగాడికి 1,800 వస్తాయి.

ఇది చూసి సంబరపడొద్దు. పన్నెండు రిహార్సళ్లు చేసి ఒక్క ఆట ఆడితే నటుడికి రోజుకు వంద కూడా పడదు. అదే నాటకం పదిసార్లు ఆడితే 22 రోజులకు 12,000, రోజుకు 545. ఏటా కొత్త నాటకం కట్టాలన్న ఉబలాటమే మన సమాజాలను ముంచుతున్నదని కార్యవర్గం అభిప్రాయం. దీనికి ఒప్పుకోని సభ్యులూ ఉన్నారు. వారి మాట సర్వసభ్య సమావేశంలో విందాం.

పైకం వసూలుకు మూడు మెట్లు పెట్టుకోండి. ఒప్పుకున్న రోజే సగం బయానా, వ్యాను ఊళ్లో ఆగగానే పావు, ముఖానికి రంగు పూసుకునే ముందు మిగతా పావు. జాతర ముగిసిన తెల్లారి కమిటీ వాళ్ల ఫోన్లు మోగవు.

సామానులో ఎక్కువ కష్టం కరెంటుతో. ఊళ్లో పక్కింటి బోర్డు నుంచి వైరు లాగుతాం. 1,000 వాట్ల హాలోజన్లు నాలుగు వెలిగితే 17 ఆంపియర్లు దాటుతుంది. ఆ ఇంట్లో పెద్ద సాకెట్టే 16 ఆంపియర్లది. అందుకే రెండో అంకంలో, అందరూ రంగం మీదున్నప్పుడు, ప్లగ్గు కాలిన వాసన వస్తుంది. ఒక్కోటి 150 వాట్ల ఎల్‌ఈడీ పార్ లైట్లు (రంగస్థలం మీదికి వెలుగు వేసే డబ్బా లైట్లు) ఎనిమిది పెట్టినా ఐదారు ఆంపియర్లతో పోతుంది. అయితే ఉత్త తెల్ల ఎల్‌ఈడీ కింద ముఖాలు పీనుగుల్లా కనిపిస్తాయి. రెండు లైట్లను పసుపు ఛాయకు తిప్పితే రంగు నిలబడుతుంది. డిమ్మరు (లైట్ల వెలుగు తగ్గించే పెట్టె), ఆంప్లిఫయరు ఒకే బోర్డుకు తగిలిస్తే హోరు వస్తుంది, వేర్వేరు వైర్లు లాగండి. స్పీకర్లు మైకుల వరుసకన్నా ముందుకు, జనం వైపు ఉండాలి. వెనక్కి జరిగితే మైకు కూత పెడుతుంది.

రంగుల పెట్టెలో ఇంకా అర్దళం (ముఖానికి పూసే పసుపు రంగు పొడి), సిందూరం ఉన్నవాళ్లు దయచేసి తీసేయండి. అర్దళంలో ఆర్సెనిక్, సిందూరంలో సీసం ఉంటాయి. చెమటతో కలిసి కంట్లోకి, పెదాల మీదుగా కడుపులోకి పోతాయి. కొత్త మేకప్ ఏదైనా ముందురోజే మోచేతి మడతలో పూసి చూడండి. అతికించిన మీసం పీకి తీయొద్దు. అంచులకు కొబ్బరినూనె రాసి రెండు నిమిషాలు ఆగితే బంక దానంతటదే వదులుతుంది.

కాగితాల దగ్గరే ఎక్కువమంది ఓడిపోతున్నాం. కేంద్ర సాంస్కృతిక శాఖ పథకాల్లో 18–25 ఏళ్ల వారికి నెలకు 5,000 స్కాలర్‌షిప్, 25–40 మధ్య వారికి 10,000 జూనియర్ ఫెలోషిప్, 40 దాటినవారికి 20,000 సీనియర్ ఫెలోషిప్ ఉన్నాయి. ఒక్కోటి రెండేళ్లు. సొమ్ము నెలనెలా చేతికి రాదు, వాయిదాల్లో వస్తుంది. దాన్ని నమ్ముకుని వడ్డీకి తేవద్దు. దరఖాస్తు తిరిగొచ్చేది ప్రతిభ లేక కాదు, రుజువు లేక. ఆధార్‌లో యాదగిరి, కరపత్రంలో యాదయ్య, బ్యాంకులో వై. యాదగిరి అని ఉంటే ముగ్గురు మనుషులైపోతారు. పత్రిక కత్తిరింపు మీద తేదీ, పత్రిక పేరు అదే రోజు రాసుకోండి. ప్రతి ఆటకూ బ్యానరు కనిపించేలా ఒక ఫొటో, నిర్వాహకుల సంతకంతో ఒక చీటీ చాలు. సమాజం పేరిట గ్రాంటు కావాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి. తెలంగాణలో 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. రిజిస్ట్రేషన్‌తో పని అయిపోలేదు, కార్యవర్గం జాబితా ఏటా దాఖలు చేయాలి. మరొకరి నాటకం ఆడేటప్పుడు రచయిత రాతపూర్వక అనుమతి తీసుకోండి. రచయిత పోయాక కూడా 60 ఏళ్లు హక్కు వారసులదే.

ఆట అయ్యాక మనం అర్ధరాత్రి హైవే మీద ఇళ్లకు వస్తాం, అందుకే బీమా ఉండాలి. ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, ప్రధానమంత్రి సురక్షా బీమా, 18 నుంచి 70 ఏళ్ల వారికి 2 లక్షల రక్షణ ఇస్తుంది. మే నెలాఖరులో ఖాతాలో ఆ 20 లేకపోతే ఆగిపోతుంది. సరిగ్గా అప్పటికే మన ఖాతాలు ఖాళీ అవుతాయి.

రిహార్సళ్లకు చోటు లేదన్న ఫిర్యాదుకు ఒక దారి: ఆషాఢంలో ముహూర్తాలుండవు, ఫంక్షన్ హాళ్లు ఊరికే పడి ఉంటాయి. పగటిపూటకు మాట్లాడండి. ఫ్యాన్లు, కరెంటు ఖర్చు మనదంటే చాలామంది యజమానులు తగ్గుతారు. ఒక నెల ముందే అడగాలి.

సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు, గత మూడేళ్ల కరపత్రాలు వెంట తెండి. పేర్ల తేడాలు అక్కడే సరిచూసి, దిద్దించాల్సినవాటికి అర్జీలు రాసి పంపుతాం.