ఆ సూది నువ్వు వెయ్యి, నాయినా

బిడ్డా,

అమ్మ దీవించి రాసేది. ఇక్కడ మేమంతా మంచిగున్నం. ఫోన్‌ల చెప్దామంటే "సరేనమ్మా, సరేనమ్మా" అని మధ్యలనే పెట్టేస్తవ్. అందుకే రాసి పక్కింటి పిలగాడు పట్నం వస్తుంటే ఇచ్చి పంపుతున్న. ఒక్కనివే కూసొని సదువు.

సద్దుల బతుకమ్మ నాడు మీరు నాగర్‌కర్నూల్‌ల బస్సు దిగినప్పుడే కోడలి చేతిల నీలం డబ్బా చూసిన. ఇంటికి రాంగనే ఫ్రిజ్‌ల పెరుగు గిన్నె పక్కన పెట్టుకున్నది. నేనేం అడగలే. పొద్దుగూకినంక, అందరం చెరువుకు పోయే యాళ్లకు, సత్తుపిండి డబ్బా కోసం ఎనుక అర్రలకు పోయిన. బియ్యం బస్తా మీద కూసొని ఉన్నది పిల్ల. ఫోన్ లైటు గోడకు ఆనిచ్చి, చీర కొంగు పండ్లతో పట్టుకొని, పొట్ట మీద తోలు రెండు వేళ్లతో పట్టి సూది ఏసుకుంటున్నది. బొడ్డుకు అటూ ఇటూ నాలుగైదు నీలం మచ్చలు. నన్ను చూసి ఉలిక్కిపడి, "అయిపోయింది అత్తమ్మా" అని కొంగు కిందికి వదిలింది. అప్పుడు నువ్వు వాకిట్ల బావలతోని ముచ్చట పెడుతున్నవ్.

అంతటితో అయిపోతే ఈ ఉత్తరం రాయకపోదును. చెరువు కట్ట మీద మీ పెద్దమ్మ నలుగురిల అడిగింది, "ఎన్నేండ్లాయె, లోపం ఎవరిదంట?" అని. కోడలు తల వంచుకొని, "నాకే అత్తమ్మా, కొంచెం ప్రాబ్లం ఉన్నది" అన్నది. నా చేతిల పళ్లెం వణికింది బిడ్డా. నీకు వీర్యకణాల కౌంట్ తక్కువున్నదని, అందుకే ఇక్సీ అనే టెస్ట్‌ట్యూబ్ పద్ధతి చెయ్యాలన్నరని ఉగాదికి నువ్వే నాకు చెప్తివి గద.

నీదేదో తప్పని కాదు. ముప్పై ఏండ్లకు పైన ఏఎన్ఎమ్ నర్సుగ చేసిన. మగవాళ్ల దిక్కు కారణముండుడు ఎంత మామూలో నాకు తెలుసు. మంచిగ తిని, గట్టిగ పనిచేసే మనిషికి కూడ ఉంటది. దానికి మగతనానికి సంబంధమే లేదు. కానీ ఒక్కటి ఆలోచన చెయ్యి. ఇక్సీల ఒక్కో అండంలకు ఒక్కో వీర్యకణాన్ని సన్నటి సూదితోని పంపుతరు. అందుకు అండాలు ఎక్కువ కావాలె. మామూలుగ నెలకు ఒక్కటి పండేది, ఒక్కసారే పది దాకా పండాలని దినాం సూదులిస్తరు. ఇబ్బంది నీ దిక్కుంటే కూడ సూదులన్నీ ఆమె కడుపు మీదనే. పైనుంచి మాట కూడ ఆమె మీదనే ఏసుకున్నది.

నీకు చెప్పని ముచ్చట ఒకటున్నది. నా పెండ్లయినంక ఐదేండ్లకు నువ్వు పుట్టినవ్. ఆ నడుమ మీ నాయినమ్మ నన్ను మన్యంకొండకు తీస్కపోయింది, కురుమూర్తి జాతరకు తీస్కపోయింది, ఆకు పసరు తాపింది. మా ఆడబిడ్డ శ్రీమంతంల నా చేతి పసుపు వద్దన్నరు. పగటీలి ఊర్లల్ల తిరిగి "మీ ఆయనను కూడ పరీక్షకు తీస్కరా అమ్మా" అని అందరికీ చెప్పేదాన్ని, ఇంటికొచ్చి మీ నాయినతోని ఆ మాట అనలేకపోయిన. మీ నాయిన మంచోడే. నన్ను ఒక్క మాట అనలే. కానీ నలుగురి ముందట నా దిక్కు కూడ ఒక్క మాట మాట్లాడలే. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ నాకు యాదున్నది.

ఇంకా నాలుగైదు రోజులు సూదులున్నయి గద, అవి నువ్వు వెయ్యి. కష్టమేం కాదు, నేర్పిస్త. చేతులు సబ్బుతోని కడుక్కో. స్పిరిట్ దూదితోని తుడిచి ఆరనియ్యి, తడి మీద ఏస్తే మండుతది. బొడ్డుకు రెండు మూడు వేళ్ల దూరం వదిలిపెట్టు. నిన్న కుడి దిక్కైతే ఇయ్యాల ఎడమ దిక్కు. మందు మెల్లగ పంపు, పది లెక్కపెట్టినంక సూది తియ్యి, రుద్దకు. మొదటి రోజు నీ చెయ్యి వణుకుతది, వణకనియ్యి. ఆఖరి సూదికి మాత్రం డాక్టర్ రాత్రి 10 గంటలంటే 10 గంటలకే. దానికి ఇంచుమించు 36 గంటలకు అండాలు తీస్తరు, లెక్కంతా దాని మీదనే ఉంటది. అలారం నీ ఫోన్‌ల పెట్టుకో.

అండాలు తీసినంక కడుపు గట్టిగ ఉబ్బినా, వాంతులైతున్నా, ఊపిరాడకున్నా, మూత్రం తక్కువైనా తెల్లారేదాక ఆగకు. అర్ధరాత్రైనా దవాఖానకు తీస్కపో. గర్భసంచిల పిండం పెట్టినంక మంచం దిగొద్దని మనోళ్లందరూ చెప్తరు, నమ్మకు. పండుకునే ఉంటే నిలబడుతదని ఏం లేదు, ఇంట్ల మామూలుగ తిరగొచ్చు. రక్త పరీక్ష దాక ఆ రెండు వారాలు మస్తు కష్టం. ఇంట్లనే పరీక్ష చేసుకుందామంటది, ఆపు. ఆఖరి సూది మందు ఒంట్ల ఉండంగ చేస్తే లేకున్నా ఉన్నట్టు గీత చూపెడుతది, ఆ ఆశ విరిగితే పిల్ల తట్టుకోలేదు.

ఒకవేళ ఈసారి కాకపోతే, ఆ రాత్రే "మళ్ల చేద్దాం తియ్" అనకు. ఆమెను ఏడ్వనియ్యి. నీకు వస్తే నువ్వు కూడ ఏడు. ఎన్నిసార్లనేది ఆమె ఒళ్లు, ఆమె మనసు చెప్పాలె. ఇగ చాలంటే నాకు కూడ చాలు. పైసల గురించి అయితే బాధపడకు, నా చిట్టి ఎత్తిన.

పెద్దమ్మకు నేను చెప్పొచ్చు. కానీ నువ్వు చెప్పాలె. వివరాలన్నీ ఎవ్వరికీ అక్కర లేదు. "కారణం నా దిక్కున్నది, ఇద్దరం కలిసి చూపించుకుంటున్నం, ఆమెను ఏం అడగకండ్రి" అను, అంతే. ఫోన్ చేసేటప్పుడు కోడలు పక్కన ఉండాలె, ఆమె వినాలె.

అండాలు తీసే నాటికి మొదటి బస్సుకు వస్త. వాళ్లమ్మను కూడ రమ్మను, ఆ టైంల ఏ పిల్లకైనా తల్లే కావాలనిపిస్తది. నేను వంట చూసుకుంట.

ఆ నీలం డబ్బాల పెట్టే ఐస్ ప్యాక్ ఒకటి మా ఫ్రిజ్‌లనే మర్చిపోయిండ్రు. గడ్డకట్టి ఉన్నది, వచ్చేటప్పుడు తెస్త.

మీ అమ్మ