పేరు లేని గాలివానకు ముందస్తు ఏర్పాట్లు ఏవి?

సంపాదకులకు,

అయ్యా,

ఈ నెల 10వ తేదీన మా అమ్మాయి, పిల్లలు హైదరాబాదు తిరిగి వెళ్లారు. వేసవి సెలవులు ముగించుకొని మా ఇంటి ఆడపిల్ల కొత్త ఆవకాయ జాడీ లేకుండా బయలుదేరడం నాకు గుర్తున్నంతలో ఇదే మొదటిసారి. దీనికి కూడా పత్రికకు ఉత్తరం రాస్తారా అని నా భార్య అడిగింది. ఆవకాయ కోసం కాదు, మే నెలలో గాలివాన వచ్చిన ఒక్క గంటలో ఆవకాయతోపాటు మాకు పోయిన వాటి గురించి, పోబోయి మిగిలిన ఒక ప్రాణం గురించి రాస్తున్నాను.

మాది కోనసీమలో వశిష్ఠ పాయ పక్కన రాజోలు ప్రాంతం. సొంతానిది రెండెకరాలు, కౌలుకు మరో రెండెకరాలు వరి వేస్తాను. ఇంటి చుట్టూ కొబ్బరి, నాలుగు మామిడిచెట్లు, ఒక పనసచెట్టు ఉన్నాయి. డెల్టా పల్లెల్లో వేసవి ఎలా గడుస్తుందో తెలిసినవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. బడులకు ఏప్రిల్ 24 నుంచి సెలవులు ఇస్తారు. దాళ్వా, అంటే రెండో పంట వరి, మాసూళ్లు అప్పటికి జోరు మీద ఉంటాయి. కాలువలకు నీళ్లు కట్టేస్తారు. పట్నాల నుంచి పిల్లలు దిగుతారు. వైశాఖ మాసపు పెళ్లిళ్లకు వీధుల్లో పందిళ్లు లేస్తాయి. మామిడికాయ టెంక ముదిరి ఆవకాయకు సిద్ధమవుతుంది. అంటే ఏడాదిలో మా ఇళ్లు మనుషులతో, మా వీధులు ధాన్యంతో నిండి ఉండే రోజులు అవే. గాలివానలు వచ్చే రోజులు కూడా సరిగ్గా అవే.

మే మొదటి వారంలో, భరణి కార్తె ఇంకా పోకముందు, ఒక మధ్యాహ్నం జరిగిన సంగతి ఇది. రెండు రోజుల క్రితం మిషనుతో కోయించిన ధాన్యాన్ని ఇంటి ముందు రోడ్డు పక్కన ఆరబోశాను. మిషను కోతలో ధాన్యం పచ్చిగానే వస్తుంది. తేమ 17 శాతానికి దిగితే తప్ప కొనుగోలు కేంద్రంలో తీసుకోరు కాబట్టి కనీసం మూడు ఎండలు తగలాలి. పెరట్లో నా భార్య, అమ్మాయి కలిసి అరవై కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయలు కొట్టించి, ముక్క ముక్కకూ జీడి, పొర తీసి, పొడిగుడ్డతో తుడిచి పాత చీర మీద పరిచారు. ఆవపిండి, కారం పళ్లేల్లో ఉన్నాయి. సుమారు నాలుగు గంటల వేళ గాలి పూర్తిగా స్తంభించింది. కొబ్బరి ఆకు కూడా కదలలేదు. వాయవ్యాన ఆకాశం నల్లబడడం చూసి నేను ధాన్యం దగ్గరికి పరుగెత్తాను. ధాన్యం మీద కప్పే బరకాలు నాలుగే ఉన్నాయి. అవి సగం ధాన్యానికి సరిపోతాయి. మిగిలిన సగాన్ని పారలతో రాశి చేస్తుండగానే దుమ్ము, దాని వెనకే గాలి, ఆ వెనకే వాన వచ్చిపడ్డాయి. మొదటి మబ్బు కనిపించినప్పటి నుంచి చినుకు పడేవరకూ పది నిమిషాలు కూడా లేదు.

గాలి మొదలైతే మామిడిచెట్టు కిందికి పరుగెత్తాలని మా ప్రాంతపు పిల్లలకు ఎవరూ నేర్పనక్కరలేదు. మేమూ చిన్నప్పుడు అదే పని చేశాము. మనవలిద్దరూ, పక్కింటి పిల్లలూ రాలిన కాయలు ఏరుతుండగా నేను కేక వేశాను. ఏడేళ్ల చిన్నవాడు చొక్కా ఒడిలో కాయలు పోసుకొని ఇంటి వైపు పరుగెత్తుకొస్తున్నాడు. చెట్టుకూ ఇంటికీ నడుమ సందు ఉంది, ఆ సందు వెంట కరెంటు తీగ ఉంది. కొబ్బరిమట్ట ఒకటి దాని మీద పడి తీగ తెగి, సందులో నిలిచిన నీళ్లలో పడింది. నేను చూడలేదు. ఎదురింటి అరుగు మీద నిలబడ్డ పెద్దాయన చూసి, "తీగండి బాబూ, పిల్లణ్ణి ఆపండి!" అని అరవడంతో వాడు బెదిరి ఆగిపోయాడు. వాడికీ నీటికీ నడుమ రెండు బారల దూరం లేదు. ఒడిలోని కాయలు మాత్రం దొర్లుకుంటూ వెళ్లి ఆ నీటిలో పడ్డాయి. తీగలో కరెంటు ఉందా లేదా అన్న సందేహం కాసేపటికే తీరిపోయింది. సందు చివర కట్టి ఉన్న పక్కింటివారి పెయ్యదూడ అదే నీటిలో పడి చనిపోయింది.

కరెంటు నాలుగో రోజున వచ్చింది. ఆ మూడు రోజులూ మోటారు లేక ట్యాంకులో నీళ్లు లేవు. రాత్రిళ్లు పిల్లలను విసనకర్రలతో నిద్రపుచ్చాము. తడిసిన మామిడిముక్కలు బూజు పట్టాయి. తడిసిన ధాన్యాన్ని ఎండ వచ్చినప్పుడల్లా తిరగేసినా, అడుగున ఉన్న గింజ మొలకెత్తింది. అందులో ఇరవై బస్తాలు ఎవరు కొన్నారో, ఎంతకు కొన్నారో ఇక్కడ రాసుకొని ప్రయోజనం లేదు. ఇందుకు ఏ ఒక్కరినీ వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. మా వైపు నాలుగు ఊళ్లకు ఒక్కడే అయిన లైన్‌మన్ ఆ మూడు రోజులూ సరిగా అన్నం తినడం కూడా నేను చూడలేదు. నా తప్పు కూడా ఇందులో ఉంది. కొబ్బరికి ధర లేదని మార్చిలో తీయించవలసిన దింపు వాయిదా వేశాను. దింపు తీసేవారు చెట్టు ఎక్కితే కాయలతోపాటు ఎండుమట్టలు, ఊగే గెలలు కూడా దించి పోతారు. ఆ రోజు తీగ మీద పడింది అలా వదిలేసిన ఎండుమట్టే.

నేను చెప్పదలచినది ఇది. మన ఏర్పాట్లన్నీ పేరున్న తుపాన్ల కోసమే ఉన్నాయి. పేరు లేని వేసవి గాలివానకు ఏ ఏర్పాటూ లేదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడిన తుపాను తరువాత ఈ ప్రాంతంలో తుపాను అనే మాట పలికితేనే యంత్రాంగం కదలడం నేర్చుకుంది, అందుకు సంతోషమే. మే నెల తుపాన్లు కూడా మనకు కొత్తవి కావు. 1990 మే 9న మచిలీపట్నం దగ్గర తీరం దాటిన పెను తుపాను, 2010 మేలో బాపట్ల దగ్గర తీరం దాటిన లైలా, 2022 మేలో వచ్చి మచిలీపట్నం, నరసాపురం నడుమ బలహీనపడిన అసని ఇందుకు ఉదాహరణలు. వాటి రాక రెండు మూడు రోజుల ముందే తెలుస్తుంది. ఓడరేవుల్లో హెచ్చరిక గుర్తు ఎగురుతుంది, పునరావాస కేంద్రాలు తెరుస్తారు, కరెంటు స్తంభాలు, సిబ్బంది ముందే సిద్ధంగా ఉంటారు. అది వెళ్లిన తరువాత నష్టం లెక్కించడానికి అధికారులు వస్తారు.

గాలివాన సంగతి వేరు. పగలంతా నేల కాగిపోయి, బంగాళాఖాతం మీదుగా వచ్చిన తడిగాలి ఆ వేడికి నిట్టనిలువుగా పైకి లేచి, రెండు మూడు గంటల్లోనే నిలువెత్తు మబ్బుగా పెరిగి కూలుతుంది. ఆ మబ్బులోని వాన చల్లార్చిన గాలి ఒక్కసారిగా కిందికి దూసుకొచ్చి నేలను తాకి నలువైపులా చిమ్ముతుంది; మనం ఈదురుగాలి అనేది దానినే. అది ఒక మండలంలో కొబ్బరిచెట్లను విరిచి, పక్క మండలంలో ఒక్క చినుకైనా రాల్చకుండా పోవచ్చు. పేరు లేదు కాబట్టి మరునాడు పత్రికలో రెండు వాక్యాలు వస్తాయి. నాలుగు ఊళ్ల నష్టం నాలుగు ఊళ్లదిగానే ఉండిపోతుంది.

ధాన్యం విషయంలో ఇది మరీ అన్యాయంగా ఉంటుంది. పొలంలో నిలబడ్డ పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటే పెట్టుబడి రాయితీకి లెక్కలోకి వస్తుంది. కోసి పొలంలో పరిచిన పనలకు బీమా పథకంలో కోత నాటి నుంచి పద్నాలుగు రోజుల వరకు రక్షణ ఉంది. అయితే ఇప్పుడు పనలు వేసేది ఎవరు? కూలీలు దొరక్క, దొరికినా ఇవ్వలేక, డెల్టాలో దాదాపు అందరమూ మిషనుతోనే కోయిస్తున్నాము. మిషను నుంచి ట్రాక్టరులోకి, ట్రాక్టరు నుంచి రోడ్డు మీదికి వచ్చిన ధాన్యం పొలంలోని పంటా కాదు, కొనుగోలు కేంద్రపు సరుకూ కాదు. రైతు దాన్ని ఆరబెట్టే ఆ మూడు నాలుగు రోజులు ఏ లెక్కలోకీ రావు. కౌలు రైతుకైతే కాగితమే ఉండదు. ఈ నడిమి రోజులను కూడా నష్టం లెక్కించే నిబంధనల్లో చేర్చాలని, ఏప్రిల్ 15 నాటికి ప్రతి ఊరి రైతు సేవా కేంద్రంలో అద్దెకిచ్చే బరకాలు ఊరి విస్తీర్ణానికి తగినన్ని ఉంచాలని కోరుతున్నాను. బరకం పెద్ద యంత్రమేమీ కాదు, కానీ ఆ పది నిమిషాల్లో మా చేతికి అందే రక్షణ అదొక్కటే.

దాళ్వా ముందుగా వేసుకుంటే ఏప్రిల్ మధ్యకే ఒబ్బిడి చేసుకోవచ్చు కదా అని వ్యవసాయాధికారులు ఏటా చెబుతారు. వారి మాట సరైనదే. అయితే మురుగు కాలువలు పూడిపోయిన శివారు భూముల్లో తొలి పంట సార్వా నాట్లే ఆలస్యమవుతాయి. సార్వా కోత ఆలస్యమైతే దాళ్వా నాట్లు జనవరి దాటిపోతాయి. ఆ పంట కోతకు వచ్చేసరికి అది గాలివాన నోట్లోనే ఉంటుంది. 2011లో మా కోనసీమ రైతులు సార్వాకే విరామం ప్రకటించినప్పుడు మురుగు కాలువల బాగు కూడా వారి కోరికల్లో ఒకటి. అప్పట్లో పిల్లలకు వేసవి సెలవులు, రైతుకు సార్వా సెలవులు అని మాలో మేము చెప్పుకొని నవ్వుకొనేవాళ్లం. కాలువలకు నీళ్లు కట్టేసిన ఆరు వారాల్లో గట్లకు మరమ్మతులు జరుగుతున్నాయి. అదే సమయంలో మురుగు కాలువల పూడిక కూడా తీస్తే దాళ్వా తనంతట తానే ముందుకు జరుగుతుంది.

హెచ్చరికల సంగతి కూడా చెప్పాలి. పిడుగులు పడే సూచన ఉందని విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి సెల్‌ఫోన్లకు సందేశాలు వస్తున్నాయి. దామిని యాప్ పెట్టుకున్నవారికి చుట్టుపక్కల ఇరవై, నలభై కిలోమీటర్లలో పిడుగుల సూచనలు తెలుస్తున్నాయి. ఆ రోజు నాకు కూడా సందేశం వచ్చింది. సాయంత్రం ఆరు గంటలకు, తడిసిన చొక్కా జేబులోంచి తీసి తుడిచిన ఫోనులో చూసుకున్నాను. ధాన్యం ఎగపోసేవాడు ఫోను చూడడు, చెట్టు కింది పిల్లల దగ్గర ఫోను ఉండదు. మా ఊళ్లో రామాలయానికి మైకు ఉంది, చర్చికి మైకు ఉంది, పంచాయతీకి కూడా ఉంది. సందేశం అందగానే గ్రామ సచివాలయంలో ఉన్నవారు అందులో ఏదో ఒక మైకులో రెండు మాటలు చెప్పే ఆనవాయితీ పెడితే చాలు. గోదావరి వరదలకు లంక గ్రామాల్లో దండోరా వేయించే అలవాటు మనకు ఉన్నదే. దాన్ని వేసవికి కూడా వర్తింపజేయమంటున్నాను.

ఇక కరెంటు తీగలు. కొబ్బరితోటల నడుమ నుంచి పోయే లైన్లలో వట్టి తీగల స్థానంలో తొడుగు వేసిన కేబుల్ వేయాలన్నది మా ఊరివారి పాత కోరిక. అది ఖర్చుతో కూడినది, ఒక్క ఏడాదిలో అయ్యేది కాదని తెలుసు. కానీ బడుల ముందు, గుడుల ముందు, ఇళ్ల సందుల్లో ముందుగా వేసి మిగిలినవి తరువాత చూసుకోవచ్చు. ఆ లోపల ఏటా ఏప్రిల్ మొదటి పదిహేను రోజుల్లో ఊరూరా తీగల పక్క చెట్ల ఎండుమట్టలు, గెలలు దించే పని పెట్టాలి. చెట్టు మాది కాబట్టి దింపు కూలి మేమే ఇచ్చుకుంటాము. నేను ఈసారి ఆలస్యం చేయకుండా మా ఊరి దింపు కార్మికులతో ఇప్పుడే మాట్లాడాను. తోటలోని చెట్లన్నీ వాళ్లు ఎక్కుతామన్నారు. సందు వెంట తీగకు ఆనుకొన్న నాలుగు చెట్లు మాత్రం సరఫరా ఆపితేగానీ ఎక్కమన్నారు, అది న్యాయమే. ఒక పూట సరఫరా ఎప్పుడు ఆపుతారో రెండు రోజుల ముందు చెప్పమని విద్యుత్ సిబ్బందికి అర్జీ ఇచ్చాను. జవాబు కోసం చూస్తున్నాను.

ఇట్లు,
ఒక రైతు,
రాజోలు ప్రాంతం, కోనసీమ