సోషల్ పీరియడ్‌ను లాక్కోవద్దు

సంపాదకుడు గారికి నమస్కారం.

పదో తరగతి పరీక్షలు దగ్గరపడే కొద్దీ చాలా బడుల్లో ముందు కోత పడేది సోషల్ పీరియడ్‌కే. దాన్ని లెక్కలకో ఫిజిక్స్‌కో ఇచ్చేస్తారు. ‘సోషలే కదా, చివర్లో గైడ్ చూసుకుంటే సరిపోతుంది’ అని తల్లిదండ్రులు కూడా అంటారు. ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ తీసుకునే పిల్లలకు పదో తరగతే సోషల్ చదివే ఆఖరి ఏడాది. ఆ తర్వాత మూడేళ్లకే ఓటు హక్కు వస్తుంది. పన్ను, ద్రవ్యోల్బణం, తలసరి ఆదాయం, గ్రామసభ అంటే ఏమిటో తెలియకుండానే వాళ్లను పోలింగ్ బూత్‌కు పంపుతున్నాం. సోషల్ టీచర్‌గా నన్ను ఎంతో బాధపెడుతున్న విషయమిది.

బిట్లు మాత్రం పిల్లలు బాగా చెబుతారు. తలసరి ఆదాయం అంటే మొత్తం ఆదాయాన్ని జనాభాతో భాగించడం అని టకటకా అప్పజెబుతారు. నేను బోర్డు మీద ఒక వీధి గీసి, ఐదు ఇళ్ల నెల ఆదాయాలు రాస్తాను. 8 వేలు, 10 వేలు, 12 వేలు, 15 వేలు; చివరిది రైస్‌మిల్లు యజమాని ఇల్లు, 2 లక్షల 5 వేలు. ఇంటికి సగటు కట్టమంటే 50 వేలు వస్తుంది. మొదటి నాలుగు ఇళ్లలో ఏ ఒక్కదానికీ అందులో మూడో వంతు కూడా లేదు. ‘మరి ఆ 50 వేలు ఎవరివి సార్?’ అని ఓ అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్న వచ్చాక అసమానత మీద నోట్స్ చెప్పి రాయించాల్సిన అవసరమే రాలేదు.

పన్ను సంగతీ అంతే. ‘మా నాన్న కూలికి పోతాడు, మేం ట్యాక్స్ కట్టం’ అని పిల్లలు గట్టిగా నమ్ముతారు. సంక్షేమ పథకాల మీద వాదించుకునే పెద్దల్లో కూడా చాలామందిది ఇదే నమ్మకం. సబ్బు, పేస్టు కొన్న సూపర్ మార్కెట్ బిల్లు తెమ్మని చూపిస్తే చాలు. కింద సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండు పన్ను వరసలుంటాయి, రెండింట్లోనూ ఒకే మొత్తం. మొదటిది కేంద్రానికి, రెండోది రాష్ట్రానికి. 2017 జులై నుంచి ఇదే పద్ధతి. పరోక్ష పన్ను, సమాఖ్య వ్యవస్థ అనే రెండు పాఠాలూ ఆ చిన్న కాగితం మీదే ఉన్నాయి. ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధరలు తగ్గాయనుకునేవాళ్లకు కూడా ఒక్క లెక్క చాలు: 100 రూపాయల సరుకు ఒక ఏడాది 10 శాతం, మరుసటి ఏడాది 4 శాతం పెరిగితే 114 రూపాయల 40 పైసలవుతుంది. తగ్గింది పెరిగే వేగమే, ధర కాదు.

గ్రామసభలో సభ్యులెవరని అడిగితే సర్పంచ్, వార్డు మెంబర్లు అంటారు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని ఒక్కసారి గ్రామసభకు తీసుకెళ్లి వెనక వరసలో కూర్చోబెడితే, పంచాయతీ లెక్కలు చదివి వినిపిస్తున్నారో లేదో, ఆడవాళ్లకు మాట్లాడే వీలు దొరుకుతోందో లేదో వాళ్లే చూస్తారు. గైడ్‌లోంచి కాపీ కొట్టిన ప్రాజెక్టు వర్క్ కన్నా అది వందరెట్లు నయం.

ఇంకో సంగతి. బడిలో పట్టించుకోని, ప్రభుత్వ ఉద్యోగ పరీక్షల్లో మాత్రం తప్పనిసరైన ఈ పాలిటీ, ఎకానమీ కోసమే పాతికేళ్లు వచ్చాక మన పిల్లలు హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్ గదులు తీసుకుని, కోచింగ్ సెంటర్లకు వేలకు వేలు కడుతున్నారు. అప్పు చేసి పంపే తల్లిదండ్రులున్నారు. పునాది పడాల్సింది బడిలో, అదీ ఉచితంగా.

సోషల్ పీరియడ్‌ను వేరే సబ్జెక్టుకు వాడుకోవద్దని విద్యాశాఖ స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి. తనిఖీకి వచ్చే అధికారులు టైమ్‌టేబుల్‌తో సరిపెట్టకుండా, ఆ పీరియడ్‌లో నిజంగా ఏం జరిగిందో పిల్లల్నే అడగాలి. పబ్లిక్ పరీక్షలో నిర్వచనం అడిగే ప్రశ్నలు తగ్గించి, ఒక బిల్లో ఒక వార్తో ఇచ్చి వివరించమనే ప్రశ్నలు పెంచాలి. మీ పత్రికకూ ఒక విన్నపం: విద్యార్థుల పేజీలో బిట్ల పక్కనే, ఆ వారం వార్తల్లో వచ్చిన ఒక్క భావనను ఊరి ఉదాహరణతో వివరించడానికి కొంచెం చోటివ్వండి. రాసిపెట్టడానికి మాలాంటి టీచర్లు చాలామందిమి సిద్ధంగా ఉన్నాం.

– ఒక సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు, నల్గొండ జిల్లా