అణు ఇంధన కర్మాగారంలో దిద్దుబాట్లు జరిగాయని తేల్చేదెవరు?

సంపాదకులు గారికి నమస్కారములు.

అణుశక్తి రంగంలోకి ప్రైవేటు సంస్థలకు ద్వారం తెరుస్తూ, అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ)కి చట్టబద్ధ హోదా కల్పిస్తూ 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన చట్టంపై మన పత్రికల్లో సాగిన చర్చ దాదాపుగా విద్యుత్ కేంద్రాల చుట్టూ, ప్రమాదం జరిగితే పరిహారం ఎవరు చెల్లించాలన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. ఆ కేంద్రాలకు ఇంధనం తయారుచేసే కర్మాగారాల ఊసు పెద్దగా రాలేదు. హైదరాబాద్ వాసులకు ఇది దూరపు విషయం కాదు. 1971లో మౌలాలి వద్ద నెలకొల్పిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ (ఎన్‌ఎఫ్‌సీ)లోనే జార్ఖండ్‌లోని జాదుగూడ నుంచి, మన కడప జిల్లా తుమ్మలపల్లె నుంచి వచ్చే యురేనియం ముడిసరుకు ఇంధనంగా మారి దేశంలోని భారజల రియాక్టర్లకు వెళుతుంది. ఒకప్పుడు ఊరి చివర ఉన్న ఆ ప్రాంగణాన్ని ఇప్పుడు కుషాయిగూడ, కాప్రా, ఈసీఐఎల్ పరిసరాల కాలనీలు చుట్టుముట్టాయి.

ఇలాంటి కర్మాగారంలో ఏదైనా లోపం బయటపడినప్పుడు యాజమాన్యం సరిదిద్దుకుంటామని హామీ ఇస్తుంది. ఆ హామీ నెరవేరిందని ఎవరు, ఏ ఆధారంతో నిర్ధారిస్తారు, ఆ నిర్ధారణను చుట్టుపక్కల నివసించేవారు చూడగలరా అన్నదే నా ప్రశ్న. ఈ విషయంలో అమెరికాలో జరిగిన ఒక ఉదంతాన్ని మన పాఠకులు కొంత వివరంగా తెలుసుకోవలసి ఉంది.

టెన్నెసీ రాష్ట్రంలోని ఎర్విన్ అనే చిన్న పట్టణంలో న్యూక్లియర్ ఫ్యూయల్ సర్వీసెస్ అనే కంపెనీ అమెరికా నౌకాదళానికి చెందిన అణు జలాంతర్గాములకు, విమానవాహక నౌకలకు ఇంధనం తయారుచేస్తుంది. 2006 మార్చి 6న అక్కడ అత్యధిక స్థాయిలో ఎన్‌రిచ్ చేసిన (అంటే శృంఖల చర్యకు తోడ్పడే యురేనియం-235 పాలు పెంచిన) యురేనియం ద్రావణం సుమారు 35 లీటర్లు గ్లోవ్‌బాక్స్‌లోంచి (చేతులకు తొడుగులు వేసుకుని బయటి నుంచి పనిచేసే మూసిన పెట్టెలోంచి) నేలపైకి కారిపోయింది. తలుపు కింది నుంచి పసుపుపచ్చని ద్రవం నడవాలోకి పారుతుండగా సిబ్బంది కంటపడేదాకా లీకు సంగతి తెలియలేదు. దగ్గరలోనే ఒక లిఫ్టు గుంత ఉంది. ఇటువంటి ద్రావణం ఎంత ఉందన్నదే కాదు, ఏ ఆకారంలో నిలిచిందన్నది కూడా ముఖ్యం. సన్నని గొట్టంలో ఉన్నంతసేపు న్యూట్రాన్లు బయటికి పోతుంటాయి కనుక శృంఖల చర్య మొదలుకాదు. అదే ద్రావణం గుంతలాంటి చోట తగినంత లోతున చేరితే చర్య దానంతటదే మొదలవుతుంది, దగ్గరున్నవారిని ప్రాణాంతకమైన రేడియేషన్ తాకుతుంది. ఆ గుంతలో ద్రావణం నిలిచి ఉంటే కనీసం ఒక ఉద్యోగి తీవ్రంగా గాయపడేవారు లేదా మరణించేవారని అమెరికా అణు నియంత్రణ సంస్థ ఎన్‌ఆర్‌సీయే తన నివేదికలో అంగీకరించింది.

అయితే నన్ను ఎక్కువగా కలవరపరిచింది ఆ తరువాత జరిగిన వ్యవహారం. నౌకాదళ ఇంధనానికి సంబంధించిన సమాచారమన్న కారణంతో 2004 నుంచి ఆ కర్మాగారం పత్రాలన్నిటినీ అధికారిక వినియోగానికి మాత్రమే అన్న ముద్ర వేసి ప్రజలకు అందకుండా ఉంచారు. అందువల్ల లీకు విషయం గానీ, దానిపై 2007 ఫిబ్రవరిలో ఎన్‌ఆర్‌సీ ఇచ్చిన ఉత్తర్వు గానీ ఎర్విన్ ప్రజలకు తెలియలేదు. కంపెనీలో భద్రతా సంస్కృతి ఎలా ఉందో బయటి నిపుణులతో స్వతంత్రంగా మదింపు చేయించాలని ఆ ఉత్తర్వు ఆదేశించింది. అంటే లోపం ఒక గొట్టంలోనో, వాల్వులోనో లేదని, పనిచేసే తీరులోనే ఉందని నియంత్రణ సంస్థకు తెలుసు; ఆ ఫ్యాక్టరీ పక్కన నివసించేవారికి మాత్రం తెలియదు. అమెరికా కాంగ్రెస్‌కు ఎన్‌ఆర్‌సీ సమర్పించిన వార్షిక నివేదికలో ఈ ఘటనను ప్రస్తావించాకే, 2007లో, విషయం బయటికొచ్చింది. ప్రతినిధుల సభ కమిటీ పెద్దలు నిలదీశాక ఆ గోప్యతా విధానాన్ని సడలించారు. శత్రువుకు అందకూడని సమాచారం కొంత ఉంటుంది, దాన్ని దాచడాన్ని ఎవరూ తప్పుపట్టరు. లీకైన ద్రావణం గదిలోంచి నడవాలోకి వచ్చిందన్న సంగతి ఆ కోవలోకి రాదు.

కథ అక్కడితో ముగిసి ఉంటే బాగుండేది. 2009 అక్టోబరులో అదే కర్మాగారంలో, యురేనియం, అల్యూమినియం కలిసిన పదార్థంతో పనిచేసే విభాగంలో, ఎవరూ ఊహించని రసాయన చర్య జరిగి తీవ్రమైన వేడి, నైట్రోజన్ సంబంధిత విషవాయువులు వెలువడ్డాయి. ఎన్‌ఆర్‌సీ ప్రత్యేక తనిఖీకి దిగింది. ఆ ఏడాది చివర కంపెనీ తన ప్రధాన ఉత్పత్తి విభాగాలను ఆపివేసింది. 2010 జనవరి 7న ఎన్‌ఆర్‌సీ ఒక లేఖ ద్వారా ఏయే దిద్దుబాట్లు పూర్తికావాలో నిర్దేశించి, వాటిని తాను పరిశీలించి అంగీకారం తెలిపేదాకా ఏ విభాగాన్నీ తిరిగి నడపరాదని కట్టడి చేసింది. నౌకాదళ ఇంధన విభాగానికి 2010 మార్చిలో అనుమతి వచ్చింది, మిగిలినవి ఒక్కొక్కటిగా తరువాత తెరుచుకున్నాయి. నియంత్రణ అంటే ఇదని నా అభిప్రాయం. ఉత్పత్తి ఆగిన ప్రతి రోజూ కంపెనీకి నష్టమే కనుక, తాళం నియంత్రణ సంస్థ చేతిలో ఉన్నప్పుడే దిద్దుబాటు కాగితం దాటి షాపుఫ్లోరుకు చేరుతుంది.

ఆ తాళం ఎవరి చేతిలోనూ లేకపోతే ఏమవుతుందో జపాన్‌లోని తోకైమురాలో 1999 సెప్టెంబరు 30న తేలింది. జేసీఓ అనే ఇంధన కంపెనీ, పని త్వరగా తెమలడానికి, ప్రభుత్వం ఆమోదించిన పద్ధతిని పక్కనపెట్టి సొంతంగా వేరే మాన్యువల్ రాసుకుంది. కార్మికులు యురేనియం పొడిని స్టెయిన్‌లెస్ స్టీలు బకెట్లలో కరిగించి, సన్నని గొట్టాల వంటి పాత్రలలో పోయవలసిన ద్రావణాన్ని వెడల్పాటి తొట్టిలో నేరుగా పోశారు. 2.4 కిలోలకు మించకూడని చోట సుమారు 16 కిలోల యురేనియం చేరింది. నీలిరంగు కాంతి మెరిసింది. శృంఖల చర్య దాదాపు 20 గంటలు సాగింది. ఆ పనిలో ఉన్న ముగ్గురు కార్మికుల్లో ఇద్దరు నెలల తరబడి నరకం చూసి మరణించారు. 10 కిలోమీటర్ల పరిధిలోని 3 లక్షలకు పైగా ప్రజలను ఇళ్లు దాటవద్దని కోరారు. ఆ దొంగ మాన్యువల్ నియంత్రణ అధికారుల కంట ఎన్నడూ పడలేదు. తనిఖీ చట్టాన్ని కఠినం చేసింది ఈ ప్రమాదం తరువాతే.

నేను రసాయన పరిశ్రమలో ఉత్పత్తి విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. తనిఖీ అధికారులు రాసిన అభ్యంతరాలకు జవాబులు ఎలా తయారవుతాయో దగ్గరగా చూశాను. ఒక గ్యాస్ డిటెక్టర్‌ను మార్చాలని అధికారి రాస్తే, కొనుగోలు ఆర్డరు పెట్టిన రోజునే రికార్డులో ‘పూర్తయింది’ అని రాసేవారు. నిజానికి డిటెక్టరు వచ్చి, బిగించి, కాలిబ్రేట్ చేసి, అది మోగితే ఏం చేయాలో రాత్రి షిఫ్టులోని కాంట్రాక్టు కార్మికుడికి కూడా నేర్పేదాకా అది పూర్తయినట్టు కాదు. అధికారి మళ్లీ వచ్చి తన చేత్తో ఆ డిటెక్టరును పరీక్షించి చూస్తే తప్ప ఈ తేడా బయటపడదు.

ఎన్‌ఎఫ్‌సీలో ఇలా జరుగుతోందని నేను ఆరోపించడం లేదు. పైగా ఎర్విన్‌కు, మౌలాలికి పోలిక పరిమితమేనని చెప్పడం న్యాయం. ఎన్‌ఎఫ్‌సీ ప్రధానంగా వాడేది ఎన్‌రిచ్ చేయని సహజ యురేనియం, దానితో తోకైమురా తరహా ప్రమాదానికి అవకాశం లేదు. ఇక్కడి ముప్పు ప్రధానంగా రసాయనికమైనది: నైట్రిక్ ఆమ్లం, అమ్మోనియా, ఇంధన బిళ్లలను (పెల్లెట్లను) కాల్చే కొలిముల్లో వాడే హైడ్రోజన్, గాలి తగిలితేనే అంటుకోగల సన్నని జిర్కోనియం పొడి, నైట్రేట్లతో నిండిన వ్యర్థ జలాలు. ఇవన్నీ సమర్థులైన సిబ్బంది నిత్యం సంభాళించగలిగే ప్రమాదాలే. అలా సంభాళిస్తున్నారని మనకు ఎవరు చెప్పాలన్నదే సమస్య.

సాధారణ కర్మాగారాన్ని రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖ తనిఖీ చేస్తుంది. అణుశక్తి శాఖ సంస్థల్లో మాత్రం రేడియేషన్ భద్రతతో పాటు ఫ్యాక్టరీల చట్టం అమలు బాధ్యత కూడా ఏఈఆర్‌బీదే. అంటే మౌలాలిలో పారిశ్రామిక భద్రతకు రెండో కన్ను లేదు. 1983 నవంబరులో ఏర్పడిన ఆ మండలి దశాబ్దాలపాటు అణుశక్తి కమిషన్‌కు జవాబుదారీగా ఉంటూ వచ్చింది. కమిషన్ అధ్యక్షుడే అణుశక్తి శాఖ కార్యదర్శి. ఎన్‌ఎఫ్‌సీ ఆ శాఖలోని యూనిట్టే. తనిఖీ చేసేవారు, చేయించుకునేవారు ఒకే గొడుగు కింద ఉన్న ఈ ఏర్పాటును 2012లో కాగ్ తప్పుపట్టింది, జరిమానాలు ఎవరినీ భయపెట్టలేనంత స్వల్పంగా ఉన్నాయని కూడా చెప్పింది. స్వతంత్ర సంస్థ కోసం 2011లో తెచ్చిన బిల్లు 2014లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. ఇప్పుడు చట్టబద్ధ హోదా రావడం మంచిదే. అయితే హోదా ఒక్కటే చాలదని ఎర్విన్ చెబుతోంది, ఎందుకంటే ఎన్‌ఆర్‌సీకి హోదా, అధికారాలు మొదటి నుంచీ ఉన్నాయి; అయినా గోప్యత ముసుగులో ఏడాదికి పైగా పట్టణం చీకట్లో ఉండిపోయింది.

కనుక కొత్త చట్టం కింద రాసే నిబంధనల్లో ఇంధన కర్మాగారాలకు ప్రత్యేకంగా చోటు కల్పించాలని కోరుతున్నాను. ప్రతి తనిఖీలో ఏఈఆర్‌బీ చేసిన సూచన, దానికి పెట్టిన గడువు, తిరిగి పరిశీలించిన తేదీ ప్రజలకు అందుబాటులో ఉండాలి. ఇంగ్లిషు, హిందీలకే పరిమితం చేయకుండా, హైదరాబాద్ కర్మాగారం విషయంలో తెలుగులోనూ, ఉర్దూలోనూ ఇవ్వాలి. దేశ రక్షణ పేరుతో ఏదైనా భాగాన్ని తొలగిస్తే, తొలగించిన కారణాన్ని రాతపూర్వకంగా చూపాలి. ప్రమాదం వల్ల ఆగిన విభాగాన్ని తిరిగి నడపడానికి మండలి లిఖిత అంగీకారం తప్పనిసరి కావాలి, ఆ పత్రం కూడా బహిరంగం కావాలి. ఏడాదికొకసారైనా ఏఈఆర్‌బీ అధికారులు ముంబై నుంచి వచ్చి కుషాయిగూడ పరిసరాల్లో బహిరంగ సమావేశం పెట్టి కాలనీవాసుల ప్రశ్నలకు జవాబివ్వాలి. తుమ్మలపల్లెలో యురేనియం వ్యర్థాల చెరువు పక్కన, బోరు నీళ్లు పాడయ్యాయని ఏళ్లుగా మొరపెట్టుకుంటున్న రైతులకూ అదే హక్కు ఉంది.

నిబంధనలు వచ్చేదాకా ఆగనవసరం లేని పని ఒకటుంది. ఎన్‌ఎఫ్‌సీకి ఏఈఆర్‌బీ ఇచ్చిన భద్రతా సూచనల్లో గడువు దాటినా అమలుకానివి ఎన్ని, అందుకు కారణాలేమిటి, వాటిని మండలి చివరిసారి స్వయంగా ఎప్పుడు పరిశీలించింది అన్న ప్రశ్నను మల్కాజిగిరి లోక్‌సభ సభ్యులు వచ్చే సమావేశాల్లో లిఖితపూర్వకంగా అడగాలని, ప్రభుత్వం ఇచ్చే జవాబును మీ పత్రిక పూర్తి పాఠంగా ప్రచురించాలని విజ్ఞప్తి చేస్తున్నాను.

భవదీయుడు,
కాప్రా నివాసి, హైదరాబాద్