స్టైపెండ్ రాకముందే అడ్వాన్సా?

సంపాదకులకు,

మహానగరాల్లో చాలా విశ్వవిద్యాలయాలు పీజీ, పీహెచ్‌డీ సీట్లు పెంచినంతగా హాస్టల్ గదులు పెంచడం లేదు. ఉన్నవాటిలోనూ కొన్నిచోట్ల తొలి ప్రాధాన్యం డిగ్రీలో చేరే పిల్లలకే. అది సబబే, కాదనను. కానీ మిగిలినవాళ్లు ఎక్కడుండాలి?

అద్దె ఆదాయంలో 30 శాతం దాటకూడదన్నది గృహవసతి చర్చల్లో తరచూ వాడే కొలమానం. స్టైపెండ్‌తో బతికే పరిశోధకుడికి అది అందని మాటే. అసలు చిక్కు మొదటి నెలలోనే. అడ్వాన్సు, తొలి అద్దె చేరిన రోజే కట్టాలి; స్టైపెండ్ నెల తిరిగాక గానీ రాదు, ఒక్కోసారి ఇంకా ఆలస్యం. ఇంట్లో ఇచ్చేవాళ్లు లేనివారు అప్పుతోనే పరిశోధన మొదలుపెడతారు. ఇది నాకు చాలా అన్యాయంగా తోస్తుంది.

అద్దె తగ్గుతుందని ఊరి చివరకు వెళితే ప్రయాణానికే పొద్దు పోతుంది. ప్రయోగం ఆఖరి బస్సు వేళకు ముగియదు కదా! పెళ్లయి, పిల్లలున్నవారి అవస్థ మరీ ఎక్కువ.

విశ్వవిద్యాలయాలు అడ్వాన్సుకు వడ్డీలేని రుణం ఇవ్వాలి. ప్రవేశపత్రంతోపాటే చుట్టుపక్కల అద్దెల వివరాలు తెలపాలి. నగరపాలక సంస్థలు క్యాంపస్ దారుల్లో రాత్రి బస్సులు నడపాలి.

– ఒక పరిశోధక విద్యార్థిని